అసలు పోయిననాడు నకలు

తాటియాకు గ్రంథమునకు ఆయువు పరిమితము. చెద, చెమ్మ, ఎలుక, అగ్ని, వీనిలో ఏదో యొకటి ఎప్పుడో యొకప్పుడు దానిని కబళింపక మానదు. ఈ సంగతి యెరిగిన మన పూర్వులు గ్రంథము శిథిలము కాకమునుపే మరియొక ప్రతిని వ్రాయించెడివారు. వ్రాసిన ప్రతిని మాతృకతో సరిచూపించెడివారు. ఈ రెండవ పని మొదటి పనికంటె తక్కువది కాదు. ప్రతి యుండియు అందు పంక్తులు జారిపోయినచో, అక్షరములు తప్పిపోయినచో, ప్రతి యున్నదను ధైర్యమే మనలను మోసగించును.

పోతన భాగవతమును గూర్చి మనలో ఒక ప్రతీతి కలదు. ఆ మహాగ్రంథము కొంతకాలము భూమిలో పాతిపెట్టబడి యుండెననియు, వెలికి తీయునప్పటికి కొన్ని భాగములు చివికిపోయెననియు చెప్పుదురు. నేడు మనము చదువుచున్న ఆంధ్ర భాగవతములో పంచమ స్కంధము గంగన రచనము. షష్ఠ స్కంధము ఏర్చూరి సింగన రచనము. ఏకాదశ ద్వాదశ స్కంధములు వెలిగందల నారయ రచనములు. వారు లోటును పూరించిరి. అందుకు తెలుగుజాతి వారికి ఋణపడి యున్నది. కాని పూరించుట వేరు, పోయినదానిని తిరిగి పొందుట వేరు. ప్రతీతియే నిజమైనచో, ఆ స్కంధములలో పోతన పలుకు మరల వినబడలేదు.

తాటియాకులకు వచ్చిన చిక్కే నేడు మన ఇండ్లలోని కంప్యూటర్లకును వచ్చినది. పెండ్లి ఫొటోలు, పొలము దస్తావేజుల నకళ్లు, పిల్లల మార్కుల జాబితాలు, ఇంటి లెక్కలు, పరదేశమునందున్న మనుమడు తొలి అడుగులు వేసిన వీడియో, ఇవన్నియు అరచేయి పట్టునంత పరికరములో కంటికి కనబడని చిహ్నములై నిలిచియున్నవి. వానికి వేరొకచోట ప్రతి తీసి దాచుటను బ్యాకప్ అనియు, అసలు పోయిననాడు ఆ ప్రతినుండి తిరిగి తెచ్చుకొనుటను రీస్టోర్ అనియు వాడుకలో అందురు. మేము ఈ ప్రసంగమున వానిని నకలు, పునఃప్రాప్తి అని వ్యవహరింతుము. ఇంటి కంప్యూటరు పుట్టి అర్ధ శతాబ్దము గడచినది. ఈ కాలమున నకలు తీయుట నానాటికి సులభమైనది. దానిని తిరిగి చదివి చూచుకొను అలవాటు మాత్రము నానాటికి సన్నగిల్లినది. ఇది యెట్లు సంభవించినదో చెప్పుటయే మా ఉద్దేశము.

1975 జనవరిలో అమెరికాలోని పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక తన ముఖపత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రమును ప్రకటించెను. విడిభాగములుగా తెప్పించుకొని ఇంటియందే కూర్చుకొనదగిన కంప్యూటరు అది. దానితో వచ్చిన జ్ఞాపకశక్తి 256 బైట్లు, అనగా ఒక పోస్టుకార్డుపై పట్టు అక్షరములు మాత్రమే. ఆ జ్ఞాపకమైనను విద్యుత్తు పారుచున్నంతసేపే. ముందు పలకపైనున్న మీటలను ఒక్కొక్కటిగా పైకి క్రిందికి కదలించి, ఎంతో ఓపికతో ఎక్కించిన ఆదేశములు, విద్యుత్తు ఆగిన క్షణమున మాసిపోయెడివి. కావున ఇంటి కంప్యూటరు పుట్టిననాడే దాచుకొనుట యను సమస్యయు పుట్టినది.

కాగితపు పట్టీపై రంధ్రములు పొడిచి దాచు టెలిటైపు యంత్రములు అప్పటికే యుండెను గాని వాని వెల సామాన్యునికి భారము. అందరి ఇండ్లలోను సులభముగా దొరకు పరికరము క్యాసెట్టు టేపు రికార్డరు. పాటలు దాచు టేపుపై అంకెలను దాచిన నేమి యను ఆలోచన పలువురికి కలిగినది. కాని ఒకరి పద్ధతి వేరొకరికి పనికి రాదయ్యెను. 1975 నవంబరులో బైట్ పత్రికవారు మిస్సోరి రాష్ట్రమునందలి కాన్సస్ సిటీలో ఒక గోష్ఠి జరిపిరి. సున్న అను చిహ్నమునకు సెకనుకు 1200 కంపనములు గల ధ్వని నాలుగు ఆవృత్తులు, ఒకటి అను చిహ్నమునకు 2400 కంపనములు గల ధ్వని ఎనిమిది ఆవృత్తులు అని అచ్చట ఒక ప్రమాణము కుదిరినది. ఈ లెక్కన సెకనుకు 300 చిహ్నములు, అనగా ఇంచుమించు 27 అక్షరములు టేపుపైకి ఎక్కును. ఎనిమిది కిలోబైట్ల కార్యక్రమమునకు అయిదు నిమిషములు పట్టును. చెవికి అది కీచుమను ఈలవలె వినబడును. తొలినాళ్ల ఇంటి కంప్యూటర్ల జ్ఞాపకమంతయు ఇట్టి ఈలలోనే దాగియుండెను.

1977లో మూడు యంత్రములు విపణికి వచ్చినవి: ఆపిల్ 2, కమొడోర్ పెట్, టి.ఆర్.ఎస్.-80. మూడింటికిని క్యాసెట్టే ఆధారము. కమొడోర్ యంత్రమున టేపు రికార్డరు పెట్టెలోనే అమర్చబడి యుండెను. ఆ సంస్థవారు చేసిన యేర్పాటు గమనింపదగినది. వారి యంత్రము సమాచారమును టేపుపై ఒకసారి వ్రాసి, వెంటనే రెండవసారి వ్రాయును. చదువునపుడు మొదటి ప్రతిలో చెడిన అక్షరములను రెండవ ప్రతినుండి దిద్దుకొనును. ఒకే టేపుపై అసలును నకలును ప్రక్కప్రక్కనే యుంచుట యన్నమాట. ఇందువలన కాలము రెట్టింపు పట్టెడిది, వాడువారు విసుగుకొనెడివారు. కాని టేపు ముడుతపడియో, దుమ్ము చేరియో ఒక అక్షరము పోయినను పని చెడకుండుటకు అదియే రక్ష.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి. కమొడోర్ యంత్రములలో దాచుటకు సేవ్ అను ఆదేశము, తిరిగి తెచ్చుటకు లోడ్ అను ఆదేశము ఉండగా, రెండింటి నడుమ వెరిఫై అను మూడవ ఆదేశమొకటి యుండెను. వెరిఫై అనగా సరిచూచుట. టేపును వెనుకకు త్రిప్పి, ఈ ఆదేశమిచ్చి నడిపినచో, యంత్రము టేపుపై నున్నదానిని తన జ్ఞాపకములో నున్నదానితో అక్షరమక్షరము పోల్చి చూచును. భేదమున్నచో తెలుపును. 1982లో బ్రిటనులో వెలువడిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ యంత్రమునందును ఈ ఆదేశము కలదు. అనగా లేఖకుడు ప్రతిని మాతృకతో సరిచూచు పాత ధర్మము యంత్రమునకు నేర్పబడినది.

ఆ కాలపు గృహస్థుని పద్ధతిని ఒకసారి ఊహింతము. రాత్రి పని ముగించిన పిమ్మట టేపు పెట్టి దాచును. టేపు కౌంటరుపై అంకె చూచి క్యాసెట్టు చీటీపై వ్రాసికొనును. ముఖ్యమైనదైనచో వేరొక క్యాసెట్టుపై మరియొక ప్రతి తీయును. పొరపాటున దానిపై వేరొకటి ఎక్కకుండ క్యాసెట్టు వెనుక అంచుననున్న చిన్న పలుకును విరిచివేయును. పాటల క్యాసెట్లకు మన ఇండ్లలోను అట్లే చేసెడివారము. మరునాడు యంత్రమును తెరచినపుడు దాని జ్ఞాపకము శూన్యము. నిన్నటి పని కావలెనన్న టేపునుండి తిరిగి ఎక్కింపవలసినదే. శబ్దము హెచ్చైనను తగ్గైనను యంత్రము చదువలేదు. స్పెక్ట్రమ్‌లో పెద్ద కార్యక్రమమునకు అయిదు నిమిషములు కాచియుండి, చివరి క్షణమున తప్పు వచ్చినదను వాక్యము తెరపై కనబడుటయు కలదు.

ఇందలి కష్టమును తలచి మనము నవ్వుకొనవచ్చును. కాని ఆ కష్టములో ఒక మేలు దాగియున్నది. నాటివారికి ప్రతి దినమును పునఃప్రాప్తి దినమే. తీసిన నకలు చెడిపోయినచో ఆ సంగతి ఒక్క రాత్రిలో తెలియును. పోయిన పని ఒక్క నాటిదే యగును. కావున వారు నకలును నమ్ముటకు ముందు పరీక్షించుట నేర్చిరి. పరీక్షింపక తప్పని పరిస్థితియే వారికి గురువు.

రేడియో శ్రోతలకు ఈ ఘట్టమున ప్రత్యేకముగా చెప్పదగిన సంగతి యొకటి కలదు. అంకెలు ఈలలుగా మారినవి గదా; ఈలలను టేపుపై దాచునప్పుడు ఆకాశమార్గమున పంపుటకు అడ్డేమి? నెదర్లండ్సు దేశపు ఎన్.ఓ.ఎస్. ప్రసార సంస్థవారు హాబీస్కూప్ అను కార్యక్రమమున కంప్యూటరు కార్యక్రమములను ధ్వనిరూపమున ప్రసారము చేసిరి. శ్రోతలు వానిని ఇంటి రికార్డరుపై పట్టుకొని తమ యంత్రములకు ఎక్కించుకొనెడివారు. ఒక్కొక్క సంస్థ యంత్రము ఒక్కొక్క మాండలికము మాటలాడుచుండుటచే, అన్నింటికిని అర్థమగు ఒక ఉమ్మడి భాషను 1980 దశకపు తొలినాళ్లలో వారు రూపొందించిరి. దానికి బేసికోడ్ అని పేరు.

యుగోస్లావియాలో ఈ పని మరింత విస్తృతముగా జరిగినది. అచ్చట విదేశీ యంత్రముల దిగుమతిపై ఆంక్షలుండెను. వోయా ఆంటోనిచ్ అను ఇంజనీరు ఎవరికి వారే కూర్చుకొనదగిన గలాక్సియా అను కంప్యూటరును రూపొందించి, దాని నిర్మాణ క్రమమును 1983 చివర పత్రికాముఖమున వెల్లడించెను. అదే కాలమున బెల్‌గ్రేడ్ రేడియోలో జోరాన్ మోద్లి అను వ్యాఖ్యాత వెంటిలేటర్ 202 అను కార్యక్రమమున ఈలల ప్రసారమును ఆరంభించెను. శ్రోతలు పట్టుకొనిరి, వాడిరి, కొందరు దిద్ది మెరుగుపరచి తిరిగి రేడియోకు పంపిరి. అవి మరల ప్రసారమైనవి. నకళ్ల దృష్టితో చూచినచో ఇది మేలైన యేర్పాటు. రేడియో కేంద్రమున ఒక టేపు చెడిపోయినను, దాని ప్రతులు ఎన్నియో ఇండ్లలో, ఎన్నియో పట్టణములలో నిలిచియుండును.

క్యాసెట్టు తరువాత ఫ్లాపీ డిస్కు వచ్చినది. 1976లో అయిదుంబావు అంగుళముల డిస్కు, 1978లో ఆపిల్ 2 యంత్రమునకు డిస్కు పరికరము వెలువడినవి. నిమిషముల పని సెకనులలోనికి దిగినది. ఇప్పుడు వేరొక చిక్కు పుట్టినది. కార్యక్రమములను అమ్ము సంస్థలు, కొన్నవారు ప్రతులు తీసి పంచుదురను భయముచే, నకలు తీయుటకు వీలుకాకుండ డిస్కులకు కట్టుదిట్టములు చేసినవి. కొన్నవానిది న్యాయమైన కోరిక: డిస్కు చెడినచో తన సొమ్ము పోవును. 1980 డిసెంబరులో అమెరికా గ్రంథస్వామ్య చట్టమునకు జరిగిన సవరణలో, కార్యక్రమమును కొన్నవాడు భద్రతకై ఒక ప్రతి తీసి యుంచుకొనవచ్చునని స్పష్టపరచిరి. మన దేశమున 1957 నాటి గ్రంథస్వామ్య చట్టమునకు 1994లో చేసిన సవరణయు, పోవుట, చెడుట, నశించుట అనువానినుండి తాత్కాలిక రక్షణగా నకలు తీసికొనుటను నేరము కాదని చెప్పినది. చట్టము సైతము నకలును గృహస్థుని హక్కుగా గుర్తించినదన్నమాట.

అసలైన మలుపు 1983లో వచ్చినది. ఆ యేడు మార్చిలో ఐ.బి.ఎం. సంస్థ పి.సి. ఎక్స్.టి. అను యంత్రమును 10 మెగాబైట్ల హార్డు డిస్కుతో విడుదల చేసెను. హార్డు డిస్కు పెట్టెలోపలనే యుండును. విద్యుత్తు పోయినను దానిపై వ్రాసినది పోదు. ప్రతి ఉదయము టేపునుండియో ఫ్లాపీనుండియో ఎక్కించు పని తప్పినది. ఇది వరమే. కాని ఈ వరముతో దాచుటయు చదువుటయు తొలిసారి విడిపోయినవి. పనిచేయునది హార్డు డిస్కు. నకలు అలమరలోని ఫ్లాపీ. అలమరలోని దానిని ప్రమాదము వచ్చువరకు చూడవలసిన అవసరమే లేదు. నకలు చెడిన సంగతి ఒక్క రాత్రిలో తెలియు కాలము పోయి, ఏండ్లకు గాని తెలియని కాలము వచ్చినది.

ఆ యంత్రముతో వచ్చిన డాస్ రెండవ రూపమునందు బ్యాకప్, రీస్టోర్ అను ఆదేశములు రెండును చేర్చబడెను. లెక్క చూడుడు. ఒక్కొక్క ఫ్లాపీకి 360 కిలోబైట్లు. నిండిన 10 మెగాబైట్ల డిస్కును దాచవలెనన్న 29 ఫ్లాపీలు కావలెను. ఒకదాని తరువాత నొకటి పెట్టుచు, తీయుచు, అంకెలు వేయుచు కూర్చుండవలెను. కొన్న నెలలో ఉత్సాహముగా చేసినవారు మరుసటి నెలలో వాయిదా వేయుట మానవ స్వభావము. పైగా 1993లో వచ్చిన డాస్ ఆరవ రూపమున నకలు తీయు పద్ధతియే మారిపోయినది. అందలి రీస్టోర్ ఆదేశము అయిదవ రూపము వరకు తీసిన పాత నకళ్లను చదువుటకే పరిమితము. పాత నకలు, క్రొత్త నకలు, వానిని చదువు సాధనములు వేరువేరై, ఏది దేనితో తెరువవలెనో గుర్తుంచుకొనుట ఇంటివారి నెత్తిన పడినది.

చదివి చూడని నకలు ఎంత ప్రమాదకరమో తెలుపుటకు ప్రసిద్ధమైన ఉదాహరణ యొకటి కలదు. 1998లో కాలిఫోర్నియాలోని పిక్సార్ సంస్థవారు టాయ్ స్టోరీ 2 అను బొమ్మల చలనచిత్రమును నిర్మించుచుండగా, ఎవరో ఇచ్చిన ఒక ఆదేశముచే ఆ చిత్రపు ఫైళ్లు చాల భాగము తుడిచిపెట్టుకొని పోవుట ఆరంభమైనది. చూచుచుండగనే పాత్రలు ఒక్కొక్కటి మాయమైనవి. భయము లేదు, నకళ్లు తీయుచునే యున్నామని వారనుకొనిరి. తీరా చూడగా ఆ నకళ్లు కొంతకాలముగా సరిగా పడుటయే లేదు. సంపన్నమైన సంస్థ, నిపుణులైన ఉద్యోగులు, నిత్యము తీయుచున్న నకళ్లు, అన్నియు నుండియు అసలు సమయమున చేతికి చిక్కినది లేదు.

వారిని కాపాడినది ఒక ఇంటి కంప్యూటరు. చిత్రపు సాంకేతిక పర్యవేక్షకురాలు గాలిన్ సస్మన్ బిడ్డను కని, ఇంటినుండి పనిచేయుచుండెను. ఆ నిమిత్తమై చిత్రపు ప్రతి యొకటి ఆమె యింట నుండెను. ఆ యంత్రమును కంబళ్లలో చుట్టి, కారులో నెమ్మదిగా స్టూడియోకు చేర్చిరి. అటుపై మనుషులు కూర్చుండి, ఏ ఫైలు సరియైనదో ఏది కాదో పరిశీలించి పోగొట్టుకొన్నదానిని చాలవరకు తిరిగి నిలిపిరి. నకలు వేరొక ఇంట నుండుట ఒక మేలు. దానిని దినదినము తెరచి పనిచేయుచుండుట మరియొక మేలు. అలమరలో నిద్రించిన నకలు విఫలమైనది; పనిలో నున్న నకలు ఆదుకొన్నది.

పునఃప్రాప్తికి మరియొక ఆటంకము కలదు. నకలు చెడకపోయినను, దానిని చదువు యంత్రము కనుమరుగు కావచ్చును. 1990 దశకమధ్యమున 100 మెగాబైట్ల జిప్ డిస్కులు వచ్చినవి; పిమ్మట 650 మెగాబైట్ల సి.డి.లు ఇంటనే వ్రాసికొనదగినవి వచ్చినవి. నేడు వానిని దాచుకొన్నవారికి పెట్టుటకు పరికరము దొరకుటయే కష్టము. 1986లో బ్రిటనులో జరిగిన డూమ్స్‌డే ప్రయత్నము ఇందుకు తార్కాణము. విలియమ్ రాజు 1086లో వ్రాయించిన దేశ సర్వేకు 900 ఏండ్లు నిండిన సందర్భమున, బి.బి.సి. వారు పాఠశాలల సాయముతో పది లక్షలకు మించిన జనులను పాల్గొనజేసి, నాటి సాధారణ జీవితమును రెండు లేజరు డిస్కులపై నిక్షేపించిరి. దానిని చదువుటకు బి.బి.సి. కంప్యూటరును ప్రత్యేకమైన డిస్కు యంత్రమును కావలెను. ఆ సంస్థ కంప్యూటర్లే 1984లో క్లాస్ అను ప్రణాళిక క్రింద మన దేశపు పాఠశాలలకును వచ్చినవి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ డిస్కు యంత్రములు అరుదైపోయినవి. 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత యంత్రమును క్రొత్త యంత్రములో అనుకరించు కార్యక్రమము వ్రాసి గాని అందలి విషయమును తెరువలేకపోయిరి. 1086 నాటి చర్మపత్ర గ్రంథము మాత్రము కన్నులుండి లాటిను వచ్చినవాడు నేటికిని చదువగలడు.

చిత్రకారుడు ఆండీ వార్హాల్ కథయు ఇట్టిదే. 1985లో కమొడోర్ సంస్థ అమిగా అను ఇంటి కంప్యూటరును విడుదల చేయుచు ఆయనచే దానిపై చిత్రములు వేయించెను. ఆయన 1987లో మరణించెను. ఫ్లాపీలు పిట్స్‌బర్గులోని ఆయన పేరిటి మ్యూజియములో భద్రముగనే యుండెను; కాని ఏండ్ల తరబడి వానిలో ఏమున్నదో చూచినవారు లేరు. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు కంప్యూటరు క్లబ్బువారు అయస్కాంత చిహ్నములను జాగ్రత్తగా ప్రతి తీసి, తెలియని ఫైలు పద్ధతిని ఛేదించి, ఆ చిత్రములను వెలికి తెచ్చిరి. భద్రపరచుట వేరు, అందుబాటులో నుంచుట వేరు అని ఈ కథ చెప్పుచున్నది.

తెలుగువారికి ఈ విషయమున స్వంత అనుభవమే కలదు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపమునందే తెలుగు లిపికి స్థానము దొరకినది. కాని ఇంటింట వాడు విండోస్ యంత్రములలో తెలుగు నేరుగా కుదురుకొన్నది 2001 నాటి ఎక్స్.పి. రూపముతో. ఆ నడుమను, ఆ తరువాతను చాలకాలము, మన ముద్రణాలయములవారు అను, శ్రీలిపి మొదలగు ఫాంట్లపై ఆధారపడిరి. వీనిలో ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన అంకెల స్థానముననే తెలుగు అక్షరఖండములను కూర్చెడివారు. నాడు అట్లు కొట్టిన కథలు, శతకములు, వంశవృక్షములు, శుభలేఖలు ఎన్నియో ఇండ్లలోని డిస్కులలో నున్నవి. డిస్కు చెడలేదు, ఫైలు చెడలేదు. తెరచి చూడగా అర్థము లేని ఇంగ్లీషు అక్షరముల గుంపు కనబడును. ఆ ఫాంటుగాని, దానిని యూనికోడుకు మార్చు సాధనముగాని లేనిచో అది తాళపుచెవి పోయిన భోషాణమే.

దీనికి ప్రక్కనే మరియొక ఉదాహరణ నుంచి చూతము. 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని తెలుగు విద్యార్థులకు తెలుగు ఫాంట్ల సౌకర్యము లేదు. టెక్సాసులోని రైస్ విశ్వవిద్యాలయమున మనవారు తెలుగును ఇంగ్లీషు అక్షరములతో నియమబద్ధముగా వ్రాయు ఆర్.టి.ఎస్. అను పద్ధతిని కల్పించిరి. చూపునకు అది ముచ్చటైనది కాదు. కాని అందు వాడినది ఏ కంప్యూటరైనను చదువగల సాదా అక్షరములు. కావున అట్లు వ్రాసినది నేటికిని చదువవచ్చును, క్షణములో తెలుగు లిపికి మార్చుకొనవచ్చును. అందమైన నకలు మూగబోయినది. సాదా నకలు పలుకుచున్నది. దీర్ఘకాలము దాచవలసినదానిని పదిమందికి తెలిసిన సామాన్యరూపమున దాచవలెనను నీతి ఇందున్నది.

ఇటీవలి కాలమున నకలు తీయుట మన చేతినుండి యంత్రముల చేతికి పోయినది. 2007 అక్టోబరులో ఆపిల్ సంస్థ తన కంప్యూటర్లలో టైమ్ మెషీన్ అను సాధనమును చేర్చెను. ప్రక్కన ఒక డిస్కు తగిలించియుంచినచో గంటగంటకు తానే నకలు తీయును. దూరమునందలి సర్వర్లలో దాచు క్లౌడ్ సౌకర్యము ఆ తరువాత ఇంటింటి మాటయైనది. ఇవి గొప్ప మేళ్లు. కాని రెండు భ్రమలు కూడ వీనితో వచ్చినవి.

మొదటిది, సరితూగుటను నకలు అనుకొనుట. ఫోనులోని ఫొటోలను క్లౌడుతో ఎప్పటికప్పుడు సరితూచు ఏర్పాటులో, ఫోనులో ఒక ఫొటోను చెరిపినచో అక్కడను చెరిగిపోవచ్చును. అది అద్దమువంటిది, ఎదుట నున్నది పోయినచో అద్దములోనిదియు పోవును. ఎడతెగక తగిలించియుంచిన డిస్కుకును ఇట్టి అపాయమే కలదు. 2017 మే నెలలో వానాక్రై అను దుష్ట కార్యక్రమము ప్రపంచమంతట కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్ము అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాత పడినవి. ఇట్టి కార్యక్రమములు యంత్రమునకు తగిలియున్న నకలు డిస్కును సైతము విడువవు.

రెండవది, పెద్ద సంస్థ వద్ద నున్నది పోదనుకొనుట. 2019 మార్చిలో మైస్పేస్ అను సంస్థ, సర్వర్ల మార్పిడిలో, జనులు పూర్వము ఎక్కించిన ఫొటోలు, పాటలు, వీడియోలు పోయినవని తెలిపెను. పాటలే 5 కోట్లకు పైబడినవని లెక్క. ఎందరో యువకులకు తమ తొలి పాటకు అదియే ఏకైక ప్రతి. పరిశోధన నిమిత్తము ఒక విద్వద్బృందము ముందే తీసియుంచిన ప్రతులవలన 4 లక్షల 90 వేల పాటలు ఇంటర్నెట్ ఆర్కైవ్ ద్వారా తిరిగి లభించినవి. మిగిలినవాని సంగతి ఏమి చెప్పగలము?

పీటర్ క్రోగ్ అను ఫొటోగ్రాఫరు ప్రచారము చేసిన సూత్రమొకటి నేడు అందరికి తెలిసినది: ప్రతులు 3, సాధనములు 2, అందొకటి వేరొక చోట. ఇంటి భాషలో చెప్పవలెనన్న, కంప్యూటరులో నున్న అసలు ఒకటి. విడదీసి బీరువాలో నుంచు డిస్కుపై ఒకటి. మరియొక ఊరిలోని అన్నగారింటనో, క్లౌడునందో ఒకటి. ఇల్లు కాలినను, వరద వచ్చినను, దొంగ పడినను, మూడును ఒకేమారు పోవుట అరుదు. ఈ సూత్రమునకు చరిత్ర చెప్పిన నాలుగవ అంకెను మేము చేర్చదలచుచున్నాము: ఏడాదికి 1 సారి తిరిగి చదువుట. పాత యంత్రములలోని వెరిఫై ఆదేశమును ఇప్పుడు మనమే ఇచ్చుకొనవలెను.

మన ఇండ్లలో ఏడాదికొకమారు పెట్టెలు తెరచి పట్టుబట్టలకు, పుస్తకములకు ఎండ చూపు అలవాటు కలదు. ఆనాడే బీరువాలోని డిస్కును కూడ బయటకు తీయుడు. దానిని మీ యంత్రమునకు గాక బంధువుల యంత్రమునకు తగిలింపుడు. పెండ్లి ఫొటో ఒకటి, తాతగారి గొంతు దాచిన ధ్వని ఒకటి, పాత తెలుగు ఫైలు ఒకటి తెరచి చూడుడు. ఫొటో కనబడినదా, గొంతు వినబడినదా, అక్షరములు తెలుగుగా చదువ వచ్చినవా? వచ్చినచో మీకు నకలు కలదు. రానిచో ఆ సంగతి అసలు ఇంకను ఇంట నున్న దినముననే తెలిసినది. మరియొక ప్రతి తీయుటకు ఆ సాయంకాలము చాలును.